మబ్బు చాటు అగ్నికొండ... పచ్చి కందుల క్రిస్మస్!

మంచు పడే పారిస్ నుంచి ఎండ కాసే కరీబియన్‌కి... పది రోజుల సెలవు, రెండు రక్‌శాక్‌లు, ఒక అగ్నిపర్వతం. సాహసం చేద్దామని గ్వాడెలోప్ దీవులకు వెళ్లిన ఓ తెలుగు జంట ప్రయాణమిది.

మ్యాపులో గ్వాడెలోప్‌ని చూసినవాళ్లెవరికైనా ముందు తట్టే పోలిక ఒకటే... సముద్రం మీద వాలిన సీతాకోకచిలుక! రెండు రెక్కలూ రెండు దీవులు. మధ్యలో సన్నటి ఉప్పునీటి పాయ. ఎడమ రెక్క పేరు బాస్‌తేర్. అంటే ఫ్రెంచిలో 'పల్లపు నేల'. కుడి రెక్క గ్రాంద్‌తేర్. అంటే 'పెద్ద నేల'. తీరా వెళ్లి చూస్తే పల్లపు నేలలోనే మబ్బుల్ని తాకే కొండలుంటాయి. పెద్ద నేల అన్నదేమో రెండోదానికన్నా చిన్నది, పైగా బల్లపరుపు! పేర్లు పెట్టింది ఓడల వాళ్లు మరి. గాలి తగలకుండా చాటుగా ఉండే వైపుని వాళ్లు 'పల్లం' అనేవారట. ఈ గాలి సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

కరీబియన్‌లో ఉన్నా గ్వాడెలోప్ ఫ్రాన్సులో భాగమే. 1946 నుంచి అదో ఫ్రెంచి జిల్లా. చెల్లేది యూరోలు, బడిలో చెప్పేది ఫ్రెంచి, ఇంట్లో, వీధిలో మాట్లాడుకునేది క్రియోల్. పారిస్‌లో విమానం ఎక్కితే ఎనిమిది తొమ్మిది గంటల్లో దిగొచ్చు. ఉద్యోగాల కోసం పారిస్ వెళ్లి అక్కడే స్థిరపడిన ఈ జంటకి అదే కలిసొచ్చింది. ఆయనది గుంటూరు, ఆమెది చీరాల. పెళ్లై ఆరేళ్లు. ప్రతి డిసెంబరులోనూ ఇంట్లో హీటరు పక్కన కూర్చుని సినిమాలు చూడటమే సరిపోతోందని ఆమె పోరు పెట్టింది. బీచిలో పడుకునే సెలవైతే తనకొద్దని షరతు కూడా పెట్టింది. అలా డిసెంబరు 22న ప్వాంతాపిత్ర్‌లో దిగారు. కోట్లు విప్పి సంచిలో పెట్టేశాక మళ్లీ తీయాల్సిన పనే పడలేదు.

గిన్నె నిండా కందులు

బాస్‌తేర్ దీవిలో వాళ్లు అద్దెకి తీసుకున్న గది ఓ పెద్దావిడ ఇంటి వెనకభాగం. రెండో రోజు రాత్రి వాకిట్లో ఒకటే సందడి. దీన్నే 'షాంతే న్వెల్' అంటారు. క్రిస్మస్‌కి కొన్ని వారాల ముందునుంచే ఇరుగుపొరుగు ఒకచోట చేరి పాటలు పాడుకోవడం అన్నమాట. మన ధనుర్మాసపు భజనలో కాస్త పార్టీ కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చేతిలో పాటల పుస్తకం, మొదట ఫ్రెంచి కీర్తన, దాని తోక పట్టుకుని హుషారైన క్రియోల్ పల్లవి, వెనక 'కా' అనే డప్పు. ఈ డప్పు సంగీతం 'గ్వోకా'కి 2014లో యునెస్కో గుర్తింపు కూడా దక్కింది. వచ్చినవాళ్లెవరైనా సరే పాడాల్సిందే. రాకపోతే చప్పట్లయినా కొట్టాల్సిందే.

తర్వాత భోజనాలు. పందిమాంసం, పెండలం, నారింజ తొక్కలు ఊరేసిన 'ష్రబ్' అనే రమ్ము... వాటి పక్కనే పెద్ద గిన్నెలో పచ్చగా ఏవో గింజలు. ఆమె శాకాహారి. మాంసం కలపని గిన్నె ఒకటి ఇంటావిడ విడిగా తెచ్చి పెట్టింది. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నదే తడవు, 'ఏమండీ, ఇవి మన పచ్చి కందులండీ!' అంది.

నిజమే, కందులే. ఫ్రెంచివాళ్లు వాటిని 'అంగోలా బఠాణీలు' అంటారు. గ్వాడెలోప్‌లో అవి లేకుండా క్రిస్మస్ విందు లేదు. కంది పుట్టిల్లు మన దేశమే. ఇక్కణ్నుంచి ఆఫ్రికా వెళ్లింది. అక్కణ్నుంచి బానిసల్ని తెచ్చిన ఓడల్లో అట్లాంటిక్ దాటింది. అక్కడా కాయ పాలుపోసుకునేది ఈ చలికాలంలోనే. మనకేమో సంక్రాంతికి ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు, వాళ్లకి క్రిస్మస్‌కి కందుల కూర. ఆ రాత్రి ఆమె మూడుసార్లు వడ్డించుకుంది.

వాళ్లని వెనక్కి పంపిన కొండ

సాహసం అన్నారు కదా, అదెక్కడ? అక్కడికే వస్తున్నాం. లా సూఫ్రియేర్. 'సూఫ్ర్' అంటే గంధకం. ఎత్తు 1467 మీటర్లు. ఆ చుట్టుపక్కల చిన్న దీవులన్నిట్లోనూ ఇంతకంటే ఎత్తైన శిఖరం లేదు. పైగా బతికున్న అగ్నిపర్వతం. గొడవంతా ఆ చివరి మాటతోనే.

సాంక్లోద్ అనే ఊరు దాటాక బాంజోన్ అనే చోట కార్లు ఆగిపోతాయి. అది దాదాపు 950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే కాళ్లతో ఎక్కాల్సింది అయిదొందల మీటర్ల పైచిలుకే. అలిపిరి మెట్లు ఎక్కి తిరుమల చేరినవాళ్లకి ఇదో లెక్కా అనుకున్నారు ఇద్దరూ. డిసెంబరు 26 పొద్దున్నే ఏడింటికి గైడుతో బయల్దేరారు. ఆయన ముందు వాళ్ల మొహాలు కాదు, బూట్లు చూశాడు. తర్వాత ఆకాశం చూశాడు.

మొదట అడవి. రాళ్లు పరిచిన బాట, రెండుపక్కలా నాచు పట్టిన చెట్లు, గొడుగుల్లా విప్పుకున్న ఫెర్న్ చెట్లు. ఆకుల చివరినుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. శిఖరం దగ్గర ఏడాదికి పది మీటర్ల దాకా వాన పడుతుందంటే నమ్మగలరా? మీరు చదివింది సరిగ్గానే... మిల్లీమీటర్లు కాదు, మీటర్లు! ముప్పావుగంటలో సవాన్ ఆ ములే అనే చదును వచ్చింది. ఒకప్పుడు ఇక్కడిదాకా కార్లు వచ్చేవి. ఇక్కడితో అడవి అయిపోతుంది. పైనంతా మోకాలెత్తు పొదలు, ఎర్రటి అనాసల్లాంటి మొక్కలు, పచ్చటి నాచు తివాచీ. ఎదురుగా ఉండాల్సిన కొండ మాత్రం కనిపించలేదు. అంతా తెల్లగా మబ్బు.

బాట కొండని చుట్టుకుంటూ పైకి పోతుంది. దాని పేరు వింటే నవ్వొస్తుంది, 'ఆడవాళ్ల దారి' అట! ఆ మలుపుల్లో తగిలింది గాలి. డిసెంబరు, జనవరి నెలల్లో తూర్పునుంచి వీచే వ్యాపార పవనాలు బలం పుంజుకుంటాయి. కరీబియన్ అంతటా వీటిని క్రిస్మస్ గాలులంటారు. అట్లాంటిక్ మీదుగా వచ్చే ఆ గాలికి ఈ కొండ పెద్ద అడ్డు. వాన పైనుంచి కాకుండా పక్కనుంచి పడుతోంది. ఆయన కళ్లజోడు సంచిలో పెట్టేసుకుని ఆమె రక్‌శాక్ పట్టుకుని నడిచాడు.

ఇంకో అరగంట. మబ్బులో ఎక్కడినుంచో విమానం ఇంజను లాంటి హోరు. నేల చీలికల్లోంచి ఆవిరి తన్నుకొస్తున్న చప్పుడది. వెంటనే కుళ్లిన కోడిగుడ్ల వాసన. గొంతులో మంట, కళ్లలో నీళ్లు. సూఫ్రియేర్ మీద ఈ మధ్య ఏళ్లలో ఆవిరీ వాయువులూ పెరిగాయి. 2018 ఏప్రిల్‌లో దీని కింద 4.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. శిఖరం మీద ప్రమాదకరమైన చోట్లకి కంచెలు వేశారు. కంచె అవతలికి ఎవరూ పోరు, సరే. కానీ గాలి దిశ మారితే వాయువే కంచె దాటి ఇవతలికి వస్తుంది. ఆ రోజు జరిగింది అదే.

గైడు ఆగాడు. వేలు తడిచేసి గాల్లో పెట్టాడు. కిందికి పదండి అన్నాడు.

'ఇంత దూరం వచ్చామండీ, ఇంకో పావుగంటే కదా!' ఆమె గొంతులో దాదాపు ఏడుపు. ఆయన ఏమీ అనలేదు. నిజానికి ఆయనకీ వెళ్లాలనే ఉంది. ఓ నిమిషం ముగ్గురూ వానలో అలాగే నిలబడ్డారు. గైడు ఇంకో మాట మాట్లాడలేదు, కిందికి నడవడం మొదలుపెట్టాడు. దారి తెలిసినవాడు వెళ్లిపోతుంటే ఏం చేస్తారు? వెనకే దిగారు.

కింద బాంజోన్‌లో కొండలోంచి వచ్చే గోరువెచ్చటి నీటికి కట్టిన తొట్టి ఉంది. దిగినవాళ్లంతా బూట్లు విప్పి అందులోనే కూలబడతారు. ఆమె మాత్రం మెడదాకా నీళ్లలో మునిగి, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

73 వేల మంది ఇళ్లు వదిలారు

ఆ రోజు గైడు చేసింది అతిజాగ్రత్తా? ఆ రాత్రి ఇద్దరూ వాదించుకున్నది దీని గురించే. తమాషా ఏంటంటే, సరిగ్గా ఇదే ప్రశ్న మీద గ్వాడెలోప్ మొత్తం ఒకప్పుడు రెండుగా చీలింది.

1976 జులై 8న సూఫ్రియేర్ పేలింది. లావా రాలేదు. ఆవిరి, బూడిద, రాళ్లు. పగటిపూటే చీకటి. కొత్త శిలాద్రవం పైకొస్తోందా, లేక భూగర్భంలో నీళ్లు మరిగి ఆవిరై తన్నుతున్నాయా? మొదటిదైతే ఊళ్లు మిగలవు. రెండోదైతే ఇంతకంటే పెద్ద ముప్పు లేదు. పారిస్ భూభౌతిక సంస్థకి అప్పుడు డైరెక్టరుగా ఉన్న క్లోద్ అలేగ్ర్ జనాన్ని తరలించాల్సిందేనన్నాడు. అగ్నిపర్వతాల నిపుణుడిగా పేరుమోసిన హారూన్ తాజియెఫ్ అక్కర్లేదన్నాడు. పత్రికల్లో, టీవీల్లో ఇద్దరూ కత్తులు దూసుకున్నారు. ఆగస్టు 15న ప్రభుత్వం తరలింపు ఉత్తర్వు ఇచ్చింది. దాదాపు 73 వేల మంది తాళాలు వేసుకుని గ్రాంద్‌తేర్ వైపు పోయారు. బాస్‌తేర్ పట్నం ఖాళీ. వీధుల్లో కుక్కలు, గాడిదలు తప్ప ఎవరూ లేరు. జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ కెమెరా పట్టుకుని ఆ ఖాళీ పట్నంలోకి వెళ్లి ఒక డాక్యుమెంటరీ కూడా తీశాడు. నెలలు గడిచాయి. కొండ బుసకొట్టి బుసకొట్టి ఊరుకుంది. విస్ఫోటంలో ఒక్కరూ చనిపోలేదు. కానీ దుకాణాలు మూతపడ్డాయి, పంటలు పోయాయి. ఆ ఏడాది తర్వాత కొందరు ఇక తిరిగి రానేలేదు.

అయితే తాజియెఫ్ గెలిచినట్టేనా? శాస్త్రం లెక్కన ఆయన చెప్పిందే నిజమైంది. కానీ పక్క దీవి మార్టినిక్‌లో 1902లో ఏం జరిగిందో ఎవరూ మర్చిపోలేదు. మాంత్ పెలే అగ్నిపర్వతం వారాల తరబడి హెచ్చరించినా అక్కడి సాంపియేర్ పట్నాన్ని ఖాళీ చేయించలేదు. మే 8 ఉదయం కొన్ని నిమిషాల్లో దాదాపు 28 వేల మంది పోయారు. అది తెలిసిన అధికారి ఎవరైనా 1976లో ఏం సంతకం పెడతాడు? ఇంకో సంగతి. ఆగస్టు 30న కొండమీదికి వెళ్లిన శాస్త్రవేత్తల బృందమే పేలుడులో చిక్కుకుని రాళ్లవానలో గాయపడింది. ముప్పు లేదన్న తాజియెఫ్ కూడా అందులో ఉన్నాడు!

గైడు వాళ్లమ్మ ఆ 73 వేల మందిలో ఒకరట. దిగేటప్పుడు ఈ ముక్క చెప్పాడు గానీ, అప్పుడు ఆమె వినే స్థితిలో లేదు.

సముద్రం మాత్రం కరుణించింది

కోపం పోగొట్టడానికి ఆయన మర్నాడు మలాందూర్ తీసుకెళ్లాడు. బాస్‌తేర్ దీవి పడమటి ఒడ్డున నల్లటి ఇసుక బీచి అది. కొండ చాటు కాబట్టి గాలి తక్కువ, నీళ్లు గాజులా ఉంటాయి. ఎదురుగా కిలోమీటరు దూరంలో పీజన్ అనే బుల్లి దీవులు. వాటి చుట్టూ సముద్రాన్ని ప్రఖ్యాత సముద్ర అన్వేషకుడు కూస్తో పేరుతో పిలుస్తారు. నీటి అడుగున ఆయన విగ్రహం కూడా పెట్టారు. ఇద్దరూ కయాక్ తెడ్లు వేసుకుంటూ వెళ్లి, నోటికి గొట్టం తగిలించుకుని దిగారు. విసనకర్రల్లాంటి పగడాలు, చిలకముక్కు చేపలు. ఒడ్డుకి దగ్గర్లో గడ్డి మేస్తున్న పచ్చ తాబేళ్లు మనుషుల్ని పట్టించుకోనే లేదు. పక్క ఊరి పేరు బుయాంత్, అంటే 'మరిగేది'. భూమిలోని వేడితో అక్కడ కరెంటు తీస్తారు. ఊరి దగ్గర సముద్రంలో కూడా వేడినీటి ఊటలున్నాయి. సూఫ్రియేర్‌ని వదిలేసి వచ్చామనుకున్నారు గానీ, భూమి వేడి ఇక్కడా కాళ్లకిందే ఉందన్నమాట.

ఇక్కడి బీచిల్లో ఒక జాగ్రత్త. ఎర్రరంగు పట్టీ పూసిన చెట్లు కనిపిస్తే దగ్గరికి పోవద్దు. దాని పేరు మాన్సెనీయే. చూడ్డానికి ముద్దొచ్చే చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు. తింటే నోరూ గొంతూ పుండే. వానకి దాని కిందికి పరిగెత్తినా ఆకుల మీంచి కారే నీటికి ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

అయిదేళ్లకని వచ్చినవాళ్లు

డిసెంబరు 28న కాపెస్తేర్ బెలో వెళ్లారు. ఆ దారిలోనే కార్బే జలపాతాలు. రెండోది 110 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది. 1493లో కొలంబస్‌ బృందం ఓడ మీంచే జలపాతాన్ని చూసి ఆశ్చర్యపోయిందంటారు. సరే, జలపాతాలు ఎక్కడైనా ఉంటాయి. ఈ ఊరి దగ్గర అరటితోటల మధ్య షాంజిలో ఉన్నది మాత్రం ఎక్కడా ఊహించరు. రంగురంగుల బొమ్మలతో అచ్చం మన దక్షిణాది గుడి! లోపల అమ్మవారు. మారియమ్మే అక్కడివాళ్ల నోట 'మాలియెమెన్' అయింది.

ఫ్రాన్సు 1848లో బానిసత్వాన్ని రద్దు చేసింది. చెరకుతోటల యజమానులకి కూలీలు కావలసొచ్చారు. పుదుచ్చేరి, కారైకాల్ రేవుల్లో ఒప్పందాలు రాయించుకుని జనాన్ని ఓడలెక్కించారు. మొదటి ఓడ 'ఒరెలీ' మూడొందల మందికి పైగా భారతీయులతో ప్వాంతాపిత్ర్ చేరింది 1854 డిసెంబరు 24న. సరిగ్గా క్రిస్మస్ ముందురోజు! 1889 దాకా దాదాపు 42 వేల మంది వచ్చారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఒప్పందం అయిదేళ్లు. ఆ తర్వాత తిరుగు ప్రయాణం ఉచితమని రాశారు. కానీ తిరిగి వెళ్లినవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. రోగాలతో పోయినవాళ్లు చాలామంది. మిగిలినవాళ్లు అక్కడే ఉండిపోయారు. ఉండిపోయినా హక్కుల్లేవు. వాళ్లని ఓటర్ల జాబితాలో చేర్చాలని కాపెస్తేర్‌కే చెందిన ఆంరీ సిదంబరమ్ 1904లో మొదలుపెట్టిన న్యాయపోరాటం 1923లో గానీ గెలవలేదు.

భాష పోయింది. వంట మిగిలింది. గ్వాడెలోప్‌లో ఏ హోటల్లో అడిగినా దొరికే 'కొలొంబో' కూర మరేదో కాదు, మన ధనియాలు, పసుపు, జీలకర్ర, మెంతులు, ఆవాలు దంచిన మసాలాయే. అది ఇప్పుడు భారతీయ సంతతి కూర కాదు, గ్వాడెలోప్ కూర.

మర్నాడు ప్వాంతాపిత్ర్ మసాలా బజారులో ఆమె కాళ్లు ఒక దుకాణం ముందు ఆగిపోయాయి. ఎరుపూ పసుపూ గళ్ల గుడ్డలు. క్రియోల్ ఆడవాళ్లు తలకి చుట్టుకునే 'మద్రాస్'. ముడి వేసే తీరుని బట్టి పెళ్లి అయిందో లేదో చెప్పొచ్చని అంటారు. మద్రాసు రేవు నుంచి ఎగుమతయ్యేవి కాబట్టి ఆ పేరొచ్చింది. ఆ గళ్ల రుమాళ్లు నేసిన ఊళ్లలో చీరాల కూడా ఒకటి. అక్కడ పొద్దున పదకొండు, చీరాలలో రాత్రి ఎనిమిదిన్నర. వెంటనే ఫోన్లో వాళ్లమ్మకి చూపించింది. ఆవిడ అటూ ఇటూ తిప్పించి చూసి, 'ఇది మగ్గం గుడ్డ కాదే, మిల్లుది. ఎంత చెప్పాడేంటి?' అంది. బేరం కుదర్లేదు.

అదే ఊళ్లో, పాత చక్కెర ఫ్యాక్టరీ స్థలంలో 2015లో తెరిచిన 'మెమోరియల్ ఆక్ట్' అనే బానిసత్వ స్మారక మ్యూజియం ఉంది. దాన్ని రెండు ముక్కల్లో చెప్పడం అన్యాయం. వెళ్తే ఒక పూట కేటాయించండి.

అయిదు రోజులకి కనిపించింది

డిసెంబరు 31న లే సాంత్ అనే చిన్న దీవులకి పడవెక్కారు. త్రువా రివియేర్ రేవు నుంచి అరగంట లోపు ప్రయాణమే. కానీ ఇక్కడ కొండ చాటు లేదు. క్రిస్మస్ గాలి నేరుగా సముద్రాన్ని తన్నుతుంది. పడవ అల పైకెక్కి దభీమని పడ్డప్పుడల్లా పిల్లలు కేరింతలు, పెద్దలు కవర్ల కోసం వెతుకులాట. అగ్నిపర్వతం మీద చెక్కుచెదరని ఆమె కూడా కళ్లు మూసుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. 1782లో ఇంగ్లిషు, ఫ్రెంచి నౌకాదళాలు ఈ నీళ్లలోనే ఫిరంగులతో కొట్టుకున్నాయి. వాళ్లెలా నిలబడ్డారో!

రేవులో దిగగానే ఆడవాళ్లు బుట్టల్లో కొబ్బరి లౌజు పెట్టిన చిన్న కేకులు అమ్ముతుంటారు. పేరు 'ప్రేమ వేదన'. చేపలవేటకి వెళ్లిన మగవాళ్ల కోసం ఎదురుచూస్తూ చేసేవారట. అది తింటూ ఆయన వెనక్కి తిరిగి చూశాడు. గ్వాడెలోప్ మీద ఒక్క మబ్బు లేదు. సూఫ్రియేర్ శిఖరం, దాని మీద తెల్లటి ఆవిరి పోగు, గీసినట్టు స్పష్టంగా!

'ఇవాళ ఎక్కి ఉంటే...' అన్నాడు. 'ఇవాళ ఎక్కినవాళ్లు ఎక్కుతారు లెండి, ఆ కేకు ఇటివ్వండి' అందామె.

జనవరి 1న గ్వాడెలోప్ కుటుంబాలు సముద్రంలోనో ఏటిలోనో మునిగి పాత ఏడాది దరిద్రం వదిలించుకుంటాయి. వీళ్లూ మునిగారు. సాయంత్రం విమానం.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. మామూలు షెంగెన్ వీసా చూసుకుని ధీమాగా ఉండకండి. ఈ దీవులు ఫ్రాన్సువే అయినా షెంగెన్‌లో లేవు. మీ వీసా ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ, ధరలు ఎక్కువ. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. కొంచెం ఫ్రెంచి వస్తే పని తేలిక. ఇక సూఫ్రియేర్ ఎక్కాలనుంటే, దారి తెరిచి ఉందో లేదో అక్కడివాళ్లని అడగండి. గైడుని మాట్లాడుకోండి. దానికోసం ఒక్క రోజే పెట్టుకోకుండా రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి.